ఒక్క స్టార్ ఇచ్చిన పుణ్యాత్ముడికి

రెస్టారెంట్‌లో కడుపునిండా తిని, మూతి తుడుచుకుని, ఇంటికి పోయి మంచమెక్కి, ఫోన్‌లో తీరిగ్గా ఒకే ఒక్క స్టార్ ఇచ్చేవాళ్లను మీరేమంటారు? ఏమంటారో నాకు తెలుసు. పత్రికలో అచ్చువేయడానికి వీల్లేని మాటలంటారు!

తప్పు! ఆ మాటలన్నీ వెనక్కి తీసుకోండి. ఒక్క స్టార్ ఇచ్చేవాడు పుణ్యాత్ముడు. కాపురాలు నిలబెట్టేవాడు. ఐదు స్టార్లు ఇచ్చేవాడున్నాడే, వాడితోనే జాగ్రత్తగా ఉండాలి!

నేను ఉత్తినే నోటికొచ్చింది అనడం లేదు. డిగ్రీ చదివినదాన్ని. ఆధారాలతో నిరూపిస్తాను.

మాకు పెళ్లయి ఐదు నెలలు. ఈ ఊరొచ్చి నాలుగు నెలలు. మా ఆయన లిఫ్టులు బాగుచేసే కంపెనీలో మెకానిక్. ఈ ఊళ్లో ఎత్తయిన భవనాలు ఎక్కువ, చెడిపోయే లిఫ్టులు అంతకన్నా ఎక్కువ. అందుకని ఆయన్ని ఇక్కడికి బదిలీ చేశారు. మేం అద్దెకు దిగిన గది మాత్రం నాలుగో అంతస్తులో ఉంది. ఆ భవనానికి లిఫ్టు లేదు. ‘ఇంటికొచ్చాకైనా లిఫ్టు మొహం చూడక్కర్లేదు, ఎంత అదృష్టం!’ అని మా ఆయన రెండు పెట్టెలు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కాడు. మూడో అంతస్తు దాకా అదృష్టం గురించే మాట్లాడాడు. ఆ తర్వాత ఆయాసం వల్ల మాట్లాడలేకపోయాడు.

గదంటే గదే. తలుపు తీస్తే మంచం తగులుతుంది. మంచం దిగితే స్టవ్వు తగులుతుంది. కిటికీ తెరిస్తే ఎదురింటివాళ్ల టీవీ పూర్తిగా కనిపిస్తుంది. మాటలు వినిపించవు కాబట్టి మాటలు మేమే పెట్టుకుంటాం. మొన్న ఒక వార్తలమ్మాయి చేత మా ఆయన మా ఇంటి కూరగాయల చిట్టా మొత్తం చదివించాడు!

ఆ గది నాకు ఎంత నచ్చిందంటే, మొదటి వారం పనిలేకపోయినా బయటికి వెళ్లి తాళం వేసి, మళ్లీ తీసి లోపలికి వచ్చేదాన్ని. నా తాళం! నా తలుపు! కొత్త చీపురు కొన్న రోజు దాన్ని పట్టుకుని ఫొటో దిగాను. నవ్వకండి. మీరూ దిగే ఉంటారు.

ఇక ఉద్యోగం. కొత్త ఊళ్లో ఉద్యోగం వెతుక్కోవడమంత వినోదం ఇంకోటి లేదు. వరసగా పదకొండు రెస్టారెంట్లు తిరిగాను. అన్నిచోట్లా ఒకటే ప్రశ్న.

“అనుభవం ఉందా?”

“లేదు సార్. అనుభవం ఎక్కడ దొరుకుతుంది?”

“ఇంకో రెస్టారెంట్‌లో.”

“వాళ్లే మీ దగ్గరికి పంపారు సార్!”

పన్నెండో చోటికి వెళ్లేసరికి కాళ్లు పీకుతున్నాయి, కడుపు మండుతోంది. అక్కడి మేనేజర్ గారు నిలబడే అన్నం తింటున్నారు. తింటూనే అడిగారు, అనుభవం ఉందా అని.

“ఉంది సార్! ఐదు గంటలు కదలకుండా నిలబడి, నేను పుట్టి బుద్ధెరిగి చూడని ఆరువందల మందిని చూసి నవ్వాను. ఒకావిడ నా కాలు తొక్కి నిలబడినా నవ్వాను. నాకు ఆకలేస్తుంటే అందరూ నా కళ్లముందే తింటున్నా నవ్వాను.”

“ఎక్కడమ్మా?”

“నా పెళ్లి రిసెప్షన్‌లో సార్.”

ఆయన ఇంకో ముద్ద కలుపుతూ అడిగారు. “ఆ రోజు చివరిదాకా నవ్వావా?”

“ఫొటోలున్నాయి సార్. చూపించమంటారా?”

“రేపు రెండున్నరకి రా.”

అలా నేను సర్వర్‌నయ్యాను! నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, చేతిలో ట్రే. ప్రతి టేబుల్ దగ్గరా చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసిచ్చారు. ‘స్వాగతం! ఈ రోజు మీకు వడ్డించే భాగ్యం నాది. సూప్‌తో మొదలుపెడదామా?’ వారం తిరిగేసరికి ఆ మాటలు నాకు ఎంత ఒంటబట్టాయంటే, ఒకరోజు పొద్దున్నే పాలవాడు తలుపు కొడితే వాడితో కూడా సూప్‌తో మొదలుపెట్టబోయాను.

మూడు ప్లేట్లు ఒకే చేత్తో మోయడం నాకు నేర్పింది గిన్నెల అక్క. వెనకాల తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతుంది. వయసులో మా అమ్మంత ఉన్నా, చెఫ్ మొదలుకుని మేనేజర్ గారి దాకా అందరికీ అక్కే. “చేతిని చూడకమ్మా, ఎదురొచ్చే మనిషిని చూడు. ప్లేటు దాని పని అది చూసుకుంటుంది” అంది. నిజంగానే చూసుకుంది!

అంతా బాగుంది. ఒక్కటే చిక్కు. మా ఆయనకు వారం సెలవు మంగళవారం. నాకు గురువారం.

ఆయన పొద్దున ఆరింటికి వెళ్లి మూడింటికి వస్తాడు. నేను రెండింటికి వెళ్లి, ఆయన నిద్రపోయాక వస్తాను. కాబట్టి మేం చీటీల మీద కాపురం చేస్తున్నాం. స్టవ్వు పక్కన గోడకు చీటీలు అంటిస్తాం. ‘ఉప్పు తక్కువైంది, ప్రేమతో’ అని ఆయన. ‘డబ్బాలో ఉంది, వేసుకో, ప్రేమతో’ అని నేను. కోపతాపాలకు చోటే లేదు. పోట్లాడుకోవాలంటే ఇద్దరూ మెలకువగా ఉండాలి కదా!

“ఇద్దరూ కలిసి తింటున్నారామ్మా?” అని మా అత్తయ్య ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతుంది.

“ఒకే కూర తింటున్నాం అత్తయ్యా” అంటాను. అబద్ధం కాదు. ఆయన మూడున్నరకు తింటాడు, నేను మర్నాడు పన్నెండింటికి తింటాను.

గురువారం సాయంత్రం ఉందిగా అంటారేమో. ఉంది. మా ఆయన పొద్దున్నించీ లిఫ్టు గుంటలో నిలబడి వచ్చి, “ఇవాళ ఊరంతా తిరిగొద్దాం!” అంటూ చొక్కా గుండీలు విప్పడం మొదలుపెడతాడు. రెండో గుండీ దగ్గర నిద్రపోతాడు. నాలుగు నెలల్లో మూడో గుండీ దాకా ఎప్పుడూ రాలేదు.

సెలవు మార్చమని అడగొచ్చు కదా? అడిగాను! మా రెస్టారెంట్‌లో ఎవరు ఏ రోజు రావాలో ఒక యాప్ చెబుతుంది. మేనేజర్ గారు దాన్ని భక్తిగా ‘సిస్టమ్’ అంటారు. అందులో సెలవుకు కారణాలు వరసగా ఉంటాయి: జ్వరం, పరీక్ష, కోర్టు, చావు, ఇతరాలు. నేను ‘ఇతరాలు’ నొక్కి, ‘మంగళవారం మా ఆయనకు సెలవు’ అని రాశాను.

‘కారణం స్పష్టంగా లేదు’ అని జవాబొచ్చింది.

‘మా ఆయన్ని చూడాలి’ అని ఇంకాస్త స్పష్టంగా రాశాను.

‘డాక్టర్ సర్టిఫికెట్ జతచేయండి’ అంది.

ఇక లాభం లేదని మేనేజర్ గారి దగ్గరికే వెళ్లాను. “నా చేతిలో ఏముందమ్మా? సిస్టమ్ ఇస్తుంది” అన్నారు.

“మరి సిస్టమ్‌కి ఎవరు చెబితే వింటుంది సార్?”

“కస్టమర్ చెబితే వింటుంది.”

ఆ మాట నేను చీటీ మీద రాసి గోడకు అంటించాను. మర్నాడు దాని కింద మా ఆయన జవాబు: ‘అయితే మంగళవారం కస్టమర్ వస్తున్నాడు.’

వచ్చాడు! పెళ్లి నాటి చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, ఏడో నంబరు టేబుల్ దగ్గర కూర్చున్నాడు. సిబ్బంది బంధువులకు సిబ్బంది వడ్డించకూడదని మా గోడ మీద పెద్దక్షరాలతో రాసి ఉంది. కాబట్టి మేం ఒకరికొకరు పరాయివాళ్లమైపోయాం.

“స్వాగతం సార్! ఈ రోజు మీకు వడ్డించే భాగ్యం నాది. సూప్‌తో మొదలుపెడదామా?”

“తప్పకుండా. మీరు తిన్నారా?”

“కస్టమర్లు అలా అడగకూడదు సార్.” గొంతు తగ్గించి, “గ్యాస్ కట్టేసి వచ్చావా?” అన్నాను. మేనేజర్ గారు ఇటు తిరిగేసరికి, “...సార్?” అని చేర్చాను.

“కట్టేశానండీ. మీ సేవ అద్భుతం.”

ఒక్క సూప్‌తో మా ఆయన గంటా నలభై నిమిషాలు కూర్చున్నాడు. చెంచా ముంచడం, నన్ను చూడటం, చెంచా పెట్టేయడం. సూప్‌ను రెండుసార్లు వేడిచేయించుకున్నాడు. చివరికి మేనేజర్ గారు నన్ను పిలిచి, “ఏడో నంబరు ఆయన సూప్ తాగుతున్నాడా, అందులో ఈత కొడుతున్నాడా? బిల్లిచ్చి పంపెయ్” అన్నారు.

కట్టుకున్నవాణ్ని నా చేత్తో నేనే గెంటేయాలి!

“ఇంకేమైనా కావాలా సార్?”

“కావాలి. మీ మెనూలో లేదు” అన్నాడు. నాకు ముఖమంతా ఎరుపెక్కి, ఎనిమిదో టేబుల్‌వాళ్ల నిమ్మరసం తొమ్మిదో టేబుల్‌కి ఇచ్చేశాను.

వెళ్తూ వెళ్తూ, ప్రేమ పట్టలేక, ఫోన్ తీసి ఐదు స్టార్లు నొక్కాడు. కింద రాశాడు కూడా: ‘ఈ అమ్మాయి నవ్వితే మీ హాల్లో దీపాలు దండగ. ఈమె కోసం ప్రతి మంగళవారం వస్తాను.’

శుక్రవారం సిస్టమ్ నుంచి కబురొచ్చింది. ‘అభినందనలు! మంగళవారం కస్టమర్లు మిమ్మల్ని కోరుకుంటున్నారు. ఇకపై ప్రతి మంగళవారం మీకు రెండు షిఫ్టులు. పొద్దున పదకొండుకి రండి.’ నా ఫొటో గోడకెక్కింది. కింద ‘మంగళవారపు తార’ అని రాశారు.

ఇప్పుడర్థమైందా పాఠకులారా, ఐదు స్టార్లు ఎంత ప్రమాదమో? అంతకుముందు మంగళవారం, మా ఆయన వారం నిద్రంతా తీర్చుకుని లేచాక, నేను బయల్దేరేలోపు కనీసం కాఫీ అన్నా కలిసి తాగేవాళ్లం, నెమ్మదిగా, రెండేసి కప్పులు. అదీ పోయింది!

గిన్నెల అక్క విని, కడుగుతున్న గిన్నె పక్కన పెట్టి మరీ నవ్వింది. “ప్రేమ ఉన్నవాడు కలం పట్టకూడదమ్మా. ఈసారి పగవాడిలా రాయమను.”

అప్పుడు మొదలైంది అసలు ప్రయోగం. తర్వాతి గురువారం మా ఆయన్ని గుండీల మీద చెయ్యి వేయనివ్వకుండా కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి కాగితం ఇచ్చాను. పది నిమిషాలు తల గోక్కుని రాశాడు: ‘సర్వర్ చాలా మర్యాదస్తురాలు. సూప్ మాత్రం కొంచెం వేడి తగ్గినట్టు అనిపించింది. నా పొరపాటు కూడా కావచ్చు.’

“ఇది ఫిర్యాదా, శుభలేఖా?”

“మరి నువ్వే చెప్పు. నీలో తప్పులేంటి?”

“నాలో తప్పులా?”

“ఉన్నాయని కాదు...”

“ఉన్నాయా?”

“తడి తువ్వాలు మంచం మీద పడేస్తావు.”

“అది సర్వర్ తప్పు కాదు!”

“పోనీ, మూడుసార్లు అడిగినా నీళ్లు తేలేదని రాయనా?”

“రాయకు! గ్లాసు సగం కాకముందే పోస్తాను నేను. కావాలంటే గిన్నెల అక్కను అడుగు!”

“మాట దురుసు అని?”

“ఎప్పుడన్నాను దురుసుగా?”

“ఇప్పుడే.”

అది మా మొదటి పోట్లాట. ఎంత బాగుందో! నాలుగు నెలల తర్వాత ఇద్దరం ఒకే సమయానికి మెలకువగా ఉండి పోట్లాడుకున్నాం! చివరికి ఇద్దరికీ నచ్చిన మాటలు ఇవి: ‘మంగళవారం ఈ సర్వర్ మనసు ఇక్కడ లేదు. ఎక్కడో ఉంది. ముఖంలోనే తెలిసిపోతోంది. మిగతా రోజుల సంగతి నాకు తెలియదు గానీ, దయచేసి మంగళవారం మాత్రం ఈమెను పంపకండి.’

మళ్లీ మళ్లీ చదివాను. ఒక్క ముక్క అబద్ధం లేదు.

తర్వాతి మంగళవారం మా ఆయన మళ్లీ వచ్చి సూప్ తాగి, తోటి మెకానిక్ ఫోన్ అడిగి తెచ్చుకుని, దాంట్లోంచి పంపాడు. ఒక్క స్టార్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకున్నాడట. ఇంటికెళ్లి గోడకు చీటీ అంటించాడు: ‘క్షమించు. నువ్వు నాకు ఐదే.’

నేను నెలల తరబడి మొత్తుకుంటే సర్టిఫికెట్ అడిగిన సిస్టమ్, ఆ ఒక్క స్టార్‌కు నలభై నిమిషాల్లో బదులిచ్చింది! ‘గౌరవనీయులైన కస్టమర్ గారికి, మీకు కలిగిన బాధకు తలవంచి క్షమాపణ చెబుతున్నాం. తక్షణం చర్య తీసుకుంటున్నాం. మా కానుకగా ఒక పుడ్డింగ్ స్వీకరించగలరు.’

మర్నాడు మేనేజర్ గారు నన్ను పక్కకు పిలిచారు. పాపం, ఎలా చెప్పాలో తెలియక చొక్కా చేతులు రెండుసార్లు మడిచి విప్పారు.

“మనసుకు తీసుకోకమ్మా. పైనుంచి వచ్చింది. ఇకమీదట నువ్వు మంగళవారం రావద్దు. గురువారం రా.”

నేను తల దించుకున్నాను. నవ్వు ఆగడం లేదు. పెదవి కొరుక్కున్నాను, గోళ్లతో అరచెయ్యి గిచ్చుకున్నాను. భుజాలు వణికిపోతున్నాయి.

“ఏడవకమ్మా, ఏడవకు” అంటూ ఆయన కంగారుపడి టిష్యూ డబ్బా మొత్తం నా చేతిలో పెట్టారు. గోడ మీద నా ఫొటో మాత్రం ఆయనే స్వయంగా, నేను చూడకుండా, అటు తిరిగి నిలబడి తీశారు.

ఆ తర్వాతి మంగళవారం గురించి చెప్పమంటారా? బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్లి, అదే బస్సులో వెనక్కి వచ్చాం. ఎందుకంటే ఏం చెప్పను? కిటికీ పక్క సీటు దొరికింది! పుడ్డింగ్ తెచ్చుకుని మెట్ల మీద కూర్చుని తిన్నాం. మధ్యాహ్నం ఒంటిగంటకు, పట్టపగలు, ఒకే గదిలో, ఒకరి ఎదురుగా ఒకరం కూర్చుని అన్నం తిన్నాం. నమిలేటప్పుడు మా ఆయన చెవులు కదులుతాయని నాకు అప్పుడే తెలిసింది! పెళ్లయిన ఐదు నెలలకు!

ఇంతకన్నా ఆధారం ఏం కావాలి? అందుకే అంటాను, ఒక్క స్టార్‌ను మించిన వరం లేదు. సెలవు కావాలా? తిట్టించుకోండి! ప్రమోషన్ తప్పించుకోవాలా? తిట్టించుకోండి! మనుషులు మొరపెట్టుకుంటే వినని చోట కస్టమర్ల విసుగే మనకు దిక్కు. పెళ్లి కానుకగా కుక్కర్లూ గడియారాలూ ఇచ్చే బంధువులారా, ఇకమీదట తలా ఒక ఫిర్యాదు ఇవ్వండి!

ఈ సిద్ధాంతం కనిపెట్టిన ఉత్సాహంలో నేను నేరుగా గిన్నెల అక్క దగ్గరికి పరిగెత్తాను. “అక్కా, నీకూ రాయిస్తాను. ఏ రోజు సెలవు కావాలి?”

“ఆదివారం” అంది. ఆలోచించలేదు. అడిగేవాళ్లు లేక ఎన్నాళ్లుగానో నాలుక మీదే పెట్టుకున్నట్టుంది ఆ మాట.

అక్క కూతురు నర్సింగ్ చదువుతోంది, దూరంగా హాస్టల్లో ఉంటుంది. ఆదివారం ఒక్కరోజే బయటికి వదులుతారు. పన్నెండింటికి వస్తుంది, నాలుగింటి బస్సుకు వెళ్లిపోవాలి. ఆదివారం మధ్యాహ్నం మా రెస్టారెంట్‌లో ఇసుక వేస్తే రాలదు. ఆ పిల్ల వచ్చి వెనక గుమ్మంలో కూర్చుని, తల్లి కడిగిన చెంచాలు తుడిచి, తుడుస్తూనే కబుర్లు చెప్పి, నాలుగు కాకముందే లేచి వెళ్లిపోతుంది. చెంచాలు తుడిచే ఆ పిల్ల కొత్తగా చేరిందేమో అనుకున్నాను నేను, ఇన్నాళ్లూ!

వెంటనే ఫోన్ తీశాను. కస్టమర్లు దేనికి స్టార్లు ఇవ్వవచ్చో వరస చూశాను. సూప్ ఉంది. సర్వర్ ఉంది. కుర్చీ ఉంది, లైటు ఉంది, బాత్రూం ఉంది, పాటలు కూడా ఉన్నాయి. గిన్నెలు కడిగేవాళ్లు లేరు.

ఫర్వాలేదు, ‘ఇతరాలు’ ఉందిగా! ‘ఆదివారం ప్లేట్ల మీద మరకలు...’ అని మొదలుపెట్టాను.

అక్క తడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది. “వద్దమ్మా. నీ మీద రాస్తే ఒక రోజు రావద్దన్నారు. నా మీద రాస్తే ఏడు రోజులూ రావద్దంటారు.”

డిగ్రీ చదివినదాన్ని. రాసిన ముక్కలన్నీ చెరిపేశాను.

మేనేజర్ గారినే అడిగాను, సూటిగా. ఆయన చాలాసేపు సిస్టమ్‌లో వెతికారు. నిజంగానే వెతికారు. “అక్క ఇందులో లేదమ్మా, కాంట్రాక్టు మనిషి” అన్నారు చివరికి. “అయినా ఆమెకు సెలవెందుకు? గిన్నెలు ఎప్పుడైపోతే అప్పుడు వెళ్లిపోవచ్చు. నేనెప్పుడైనా ఆపానా?”

కాబట్టి పాఠకులారా, ఫిర్యాదు మహాత్మ్యం గురించి నేను చెప్పినదాంట్లో చిన్న సవరణ. తిట్టించుకోవడానికి కూడా కాస్త హోదా ఉండాలి. అది లేనివాళ్ల కోసం మిమ్మల్ని ఒకటి అడుగుతాను. మా రెస్టారెంట్ ఏదో చెప్పను. అక్కర్లేదు, ప్రతి రెస్టారెంట్ వెనకాలా ఒక అక్క ఉంటుంది.

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో తినండి. బయటే తినాలనిపిస్తే, సూప్ గిన్నె కింద పెట్టే చిన్న ప్లేటు వద్దనండి. రెండో చెంచా వద్దనండి. జంటగా వెళ్తే ఇద్దరూ ఒకే ప్లేటులో తినండి. కొత్తగా పెళ్లయిందా, సిగ్గేస్తుందా? ఎవరూ చూడరు లెండి, అందరూ స్టార్లు ఇవ్వడంలో ఉంటారు. ఆ ప్లేట్లు తగ్గాయంటే, వెనక గుమ్మంలో ఒకావిడ చేతులు తుడుచుకుని, నాలుగింటి బస్సు వచ్చేలోపు కూతురి జడ విప్పి మళ్లీ అల్లగలదు.